జేబు చూసి వేసే ఓటు

(ఒక సభలో చేసిన ప్రసంగం, చివర జరిగిన ప్రశ్నోత్తరాలతో కలిపి. మాట్లాడిన తీరును వీలైనంత వరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మైకు వెనక వరుస దాకా వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

1991 మార్చి మొదటి వారం. గల్ఫ్ యుద్ధం అప్పుడే ముగిసింది. అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్, మనం పెద్ద బుష్ అంటామే ఆయన, పనితీరు ఎలా ఉందని గ్యాలప్ సంస్థ జనాన్ని అడిగింది. నూటికి 89 మంది బాగుందన్నారు. ఇంట్లో వాళ్లు కూడా మన గురించి అంత ఏకగ్రీవంగా చెప్పరు! (నవ్వులు) ఈయన మీద పోటీ చేసి చేతులు కాల్చుకోవడం ఎందుకులే అని ప్రతిపక్షంలో పేరున్న వాళ్లు చాలామంది పక్కకు తప్పుకున్నారు.

ఇరవై నెలలు తిరిగాయి. 1992 నవంబరు ఎన్నికల్లో ఆయనకు పడిన ఓట్లు 37 శాతం చిల్లర. అధికారంలో ఉన్న అధ్యక్షుడికి అదేం చిన్న ఓటమి కాదు.

మధ్యలో ఏమైంది? దానికి జవాబుగా అందరూ చెప్పే మాట ఒకటుంది. ఆయన మీద పోటీ చేసి గెలిచిన బిల్ క్లింటన్ ప్రచార కార్యాలయంలో, లిటిల్ రాక్‌లో, జేమ్స్ కార్విల్ అనే వ్యూహకర్త గోడకు ఒక కాగితం అంటించాడు. అందులో మూడు లైన్లు. మార్పు కావాలా, పాత దారేనా అన్నది ఒకటి. ఆరోగ్య సంరక్షణను మరిచిపోవద్దన్నది ఇంకోటి. ఈ రెండూ లోకానికి గుర్తులేవు. మూడోదే మిగిలింది: 'అసలు విషయం ఆర్థిక వ్యవస్థరా మొద్దూ' అన్న అర్థం వచ్చే మాట. అది కార్యకర్తలు దారి తప్పకుండా వాళ్లకు వాళ్లు రాసుకున్న చీటీ. తర్వాత అది రాజకీయాల్లో సామెతలా అయిపోయింది.

నాకు ఆ కాగితం కంటే, ఆ ఎన్నికల్లోనే జరిగిన ఇంకో చిన్న సంఘటన ఎక్కువ నేర్పింది. 1992 అక్టోబరు 15, రిచ్‌మండ్‌లో టీవీ చర్చ. వేదిక మీద బుష్, క్లింటన్, స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరో. ప్రశ్నలు అడిగేది విలేకరులు కాదు, మామూలు ఓటర్లు. ఒక యువతి లేచి అడిగింది: జాతీయ రుణం వల్ల మీ ముగ్గురి సొంత జీవితాలకు ఏం నష్టం జరిగింది? ఏమీ జరగకపోతే, సామాన్యుల బాధ తెలియకుండా దానికి మందెలా వేస్తారు? సరిగ్గా ఆ సమయంలోనే బుష్ తన చేతి వాచీ వంక చూసుకున్నారు. కెమెరా దాన్ని పట్టేసింది. జవాబు చెబుతూ ఆయన వడ్డీ రేట్ల గురించి ఏదో అన్నారు. ఆమె ఒప్పుకోలేదు, మీ సంగతి చెప్పండి అంది. ఆయన, మీ ప్రశ్న నాకు సరిగ్గా అర్థం కాలేదేమో అన్నారు. తర్వాత క్లింటన్ వంతు. ఆయన కుర్చీ దిగి నేరుగా ఆమె దగ్గరికి నడిచి వెళ్లి, నీకేం జరిగిందో ఇంకోసారి చెప్పు, ఉద్యోగాలు పోగొట్టుకున్న వాళ్లు నీకు తెలుసు కదా అని అడిగారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆమె నోట వచ్చిన మాట 'జాతీయ రుణం', అంటే ప్రభుత్వం చేసిన అప్పు. ఆమె మనసులో ఉన్నది మాంద్యం, ఉద్యోగాలు, ఇళ్లు. పుస్తకం ప్రకారం ఆ రెండూ వేరు వేరు. బుష్ పుస్తకానికి జవాబు చెప్పబోయారు, క్లింటన్ ఆమెకు జవాబు చెప్పారు. 'ఆర్థిక వ్యవస్థ' అన్న మాటకు ప్రభుత్వం దగ్గర ఒక అర్థం, ఓటరు దగ్గర ఇంకో అర్థం. ఇవాళ నేను చెప్పబోయేదంతా దాదాపు ఈ తేడా గురించే.

ఈ విషయం మీద పరిశోధన ఇవాళ్టిది కాదు. 1971లో జెరాల్డ్ క్రేమర్ 1896 నుంచి 1964 దాకా అమెరికా ప్రతినిధుల సభ ఎన్నికల లెక్కలు తీసుకుని, జనం ఆదాయాలకూ అధికార పార్టీ ఓట్లకూ ఉన్న లంకె చూపించాడు. 1978 నుంచి యేల్ విశ్వవిద్యాలయంలో రే ఫెయిర్ ఒక సూత్రం తయారు చేసి, దాన్ని ఏళ్ల తరబడి సరిదిద్దుతూ వచ్చాడు. వృద్ధి, ధరలు, ఎవరు కుర్చీలో ఉన్నారు, ఇవి వేస్తే ఓట్ల శాతం ఇంత అని చెప్పే సూత్రం. చాలాసార్లు దగ్గరగానే వస్తుంది. 2000లో మాత్రం ఇలాంటి సూత్రాలు పెట్టుకున్న పండితులు చాలామంది అధికార పార్టీ అభ్యర్థి అల్ గోర్‌కు 53 నుంచి 60 శాతం దాకా వస్తాయని ముందే ప్రకటించేశారు. ప్రధాన పార్టీల ఓట్లలో ఆయనకు వచ్చింది 50 చిల్లర, అధ్యక్ష పదవి కూడా రాలేదు. కాబట్టి జాతకం లాంటిదేదో చెబుతానని వచ్చిన వాళ్లు నన్ను క్షమించాలి. (నవ్వులు)

సరే, ఓటరు దేన్ని చూస్తాడు? 'పరిస్థితి బాగుందా' అన్నది చూస్తాడనుకుంటాం. కాదు. 'ఎటు పోతోంది' అన్నది చూస్తాడు.

1932లో అమెరికాలో పనివాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి పని లేదు. అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ నాలుగేళ్ల ముందు 40 రాష్ట్రాలు గెలిచిన మనిషి. ఆ ఏడాది ఆయనకు దక్కినవి 6. ఇందులో వింతేం లేదు. 1936కి రండి. నిరుద్యోగం అప్పటికీ 17 శాతం దగ్గర ఉంది. ఇవాళ ఏ దేశంలోనైనా 17 శాతం నిరుద్యోగంతో ఎన్నికలకు వెళ్లే నాయకుడికి నిద్ర పట్టదు. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. జనం 17ను చూడలేదు, 25 నుంచి 17కు దిగడాన్ని చూశారు.

రీగన్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 1980 అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు కార్టర్‌తో చర్చలో ఆయన ప్రజలను అడిగిన ప్రశ్న మీరు వినే ఉంటారు: నాలుగేళ్ల క్రితం కంటే ఇప్పుడు మీరు బాగున్నారా? అప్పుడు నిరుద్యోగం ఏడున్నర శాతం. కార్టర్ చిత్తుగా ఓడిపోయారు. నాలుగేళ్ల తర్వాత రీగన్ మళ్లీ ఓటు అడిగినప్పుడు నిరుద్యోగం 7.2. అంటే ఇంచుమించు అదే! కానీ రెండేళ్ల ముందు అది 10.8 దాకా పోయి దిగొచ్చింది, ధరల మంట చల్లారింది, ఆ ఏడాది వృద్ధి 7 శాతం దాటింది. 50లో 49 రాష్ట్రాలు ఆయనవే. ఒకే అంకె ఒకరిని దించింది, ఇంకొకరిని నెత్తిన పెట్టుకుంది.

మరి ఎన్నాళ్ల వెనక్కి చూస్తాడు? నాలుగేళ్లో ఐదేళ్లో పాలన మొత్తం చూస్తానంటాడు. అడిగితే అలాగే చెబుతాడు, అబద్ధం కూడా కాదు, అలా చూడాలనే ఉంటుంది. ఆండ్రూ హీలీ, గాబ్రియెల్ లెంజ్ అనే ఇద్దరు దీన్ని పరీక్షించి చూశారు. తేలిందేమిటంటే, మొత్తం కాలాన్ని తూచబోయి మనిషి చివరి ఏడాదినే తూస్తాడు, ఎందుకంటే చేతికి అందేది అదే. పరీక్షకు ముందు రాత్రి చదివింది మాత్రమే గుర్తున్నట్టు. అదే మనిషికి మొత్తం కాలం లెక్క ఒకే చోట, తేలిగ్గా అర్థమయ్యేలా చూపిస్తే, చివరి ఏడాది మోజు చాలావరకు తగ్గిపోయింది.

ఇది పండితుల కంటే ముందు రాజకీయ నాయకులకు తెలుసు. 1972లో అమెరికాలో వృద్ధుల సామాజిక భద్రత పింఛను 20 శాతం పెరిగింది. పెంచిన మొత్తంతో మొదటి చెక్కులు అక్టోబరులో ఇళ్లకు చేరాయి. ఎన్నికలు నవంబరులో. చెక్కుతో పాటు కవరులో ఒక చిన్న కాగితం కూడా ఉంది: మీ పింఛను 20 శాతం పెరిగింది, చట్టసభ చేసిన చట్టం మీద అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ సంతకం చేశారు అని. పింఛను పెంచాలని పట్టుబట్టింది ప్రతిపక్షం చేతిలో ఉన్న చట్టసభ. కవరులో వచ్చిన పేరు మాత్రం నిక్సన్‌ది. ఆ పెంపునకు డబ్బు రావాల్సిన అదనపు చందా కోత ఎప్పటి నుంచి? జనవరి నుంచి! (నవ్వులు) ఇలా ఎన్నికల పంచాంగం చూసి ఖజానా తెరవడం, మూయడం గురించి 1975లో విలియం నార్డ్‌హౌస్ ఒక సిద్ధాంతమే రాశారు. ఆయనకు తర్వాతెప్పుడో నోబెల్ వచ్చింది, అది వాతావరణ మార్పు మీద చేసిన పనికి లెండి.

ఇప్పుడు ధరల దగ్గరికి వద్దాం. ఇక్కడ కాసేపు ఆగుతాను.

ఒక ప్రశ్న అడుగుతాను, చేతులెత్తండి. ద్రవ్యోల్బణం 9 శాతం నుంచి 3 శాతానికి తగ్గింది. ధరలు తగ్గాయి అనేవాళ్లు? ... పర్లేదు, సిగ్గుపడకండి. సగం మంది దాకా ఉన్నారు. ధరలు తగ్గలేదు. పెరగడం నెమ్మదించింది, అంతే. ఒక వస్తువు 100 అనుకోండి. మొదటి ఏడాది 9 శాతం పెరిగి 109 అయింది. మరుసటి ఏడాది 5 శాతం, 114 దాటింది. మూడో ఏడాది 3 శాతమే, 118 దగ్గర ఆగింది. ప్రభుత్వం ఏమంటుంది? 9 నుంచి 3కు తెచ్చాం, చప్పట్లు కొట్టండి అంటుంది. ఓటరు ఏమంటాడు? నాకు 100కు దొరికేది ఇప్పుడు 118, ఇందులో చప్పట్లు కొట్టాల్సిందేముంది అంటాడు. ఇద్దరి లెక్కా కరెక్టే. ఒకరు వేగం చెబుతున్నారు, ఇంకొకరు చేరిన చోటు చెబుతున్నారు.

2024ను ఇలా చూస్తే సగం ప్రపంచం అర్థమవుతుంది. అమెరికాలో ద్రవ్యోల్బణం 2022 జూన్‌లో 9.1కి పోయింది, బ్రిటన్‌లో అదే ఏడాది అక్టోబరులో 11.1. ఎన్నికల నాటికి రెండు చోట్లా బాగా దిగింది. అయినా 2024లో బ్రిటన్‌లో కన్జర్వేటివ్‌లు పోయారు, అమెరికాలో డెమొక్రాట్లు పోయారు. జపాన్‌లో పాలక కూటమికి దిగువ సభలో మెజారిటీ పోయింది. దక్షిణాఫ్రికాలో పాలక పార్టీ ఏఎన్‌సీ 1994 తర్వాత మొదటిసారి సగం కిందికి, 40 శాతానికి పడిపోయింది. బోట్స్‌వానాలో 1966లో స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి కుర్చీ దిగని పార్టీ దిగింది. వీటన్నిటికీ ధరలే కారణమని నేను అనను. బోట్స్‌వానా కష్టం వజ్రాల అమ్మకాలు పడిపోవడం, దక్షిణాఫ్రికాలో కరెంటు కోతలు, అవినీతి కూడా ఉన్నాయి. కానీ కుడి పార్టీ, ఎడమ పార్టీ అని చూడకుండా కుర్చీలో ఎవరుంటే వాళ్లకు దెబ్బ తగిలిన ఏడాది అది. తప్పించుకున్న వాళ్లూ లేకపోలేదు. మెక్సికోలో అదే ఏడాది పాలక పార్టీ అభ్యర్థి క్లాడియా షేన్‌బామ్ 60 శాతం దాకా ఓట్లతో గెలిచారు. అక్కడ ధరలు పెరగలేదా? పెరిగాయి. కానీ ఆరేళ్లలో కనీస వేతనాన్ని రెట్టింపు కంటే ఎక్కువ పెంచారు, అదీ ధరల పెరుగుదలను చాలా వెనక్కి నెట్టేంతగా.

మామూలుగా జీతాలు పెరిగినా నాయకుడికి ఆ పుణ్యం దక్కదు. ఎందుకు? హార్వర్డ్‌లో స్టెఫనీ స్టాంచెవా అనే ఆర్థికవేత్త జనాన్ని అడిగి చూసింది. ధర పెరిగితే ప్రభుత్వం పెంచింది. జీతం పెరిగితే నా కష్టం, నా పనితనం. మనమూ అంతే కదా! ఇంక్రిమెంట్ వచ్చిన రోజున ఆర్థిక మంత్రికి దండం పెట్టిన వాడిని నేనింతవరకు చూడలేదు. (నవ్వులు) పైగా నిరుద్యోగం పెరిగితే నూటికి కొద్దిమందికే నేరుగా తగులుతుంది, మిగతా వాళ్లకు టెన్షన్. ధర పెరిగితే అందరికీ, రోజూ, కొన్న ప్రతిసారీ తగులుతుంది.

ఇప్పుడు నా ప్రసంగానికి నేను పెట్టుకున్న పేరునే కొంచెం కాదనాలి. జేబు చూసి ఓటు వేస్తారన్నాను. ఎవరి జేబు? డోనల్డ్ కిండర్, రాడరిక్ కీవియట్ అనే ఇద్దరు 1970ల చివర్లో ఒక చిత్రమైన సంగతి చెప్పారు. సొంతంగా ఉద్యోగం పోయిన మనిషి అధికార పార్టీకి వ్యతిరేకంగా ఓటేస్తాడని ఖాయంగా చెప్పలేం. కానీ, తనకేం కాకపోయినా, దేశం దిగజారుతోందని అనుకున్న మనిషి మాత్రం వ్యతిరేకంగా వేస్తాడు. సొంత కష్టానికి మనిషి దగ్గర సవాలక్ష కారణాలుంటాయి: కంపెనీ మూతపడింది, ఆరోగ్యం బాగాలేదు, అదృష్టం బాగాలేదు. అదే కష్టం పక్కింట్లోనూ, ఎదురింట్లోనూ కనిపిస్తే అప్పుడు వేలు పైకి చూపిస్తుంది.

అందుకే సగటు లెక్కలు నమ్ముకున్న వాళ్లు దెబ్బతింటారు. 2004లో భారతదేశంలో జరిగింది మీలో చాలామందికి గుర్తుంటుంది. వృద్ధి 8 శాతం దాకా ఉంది, 'భారత్ వెలిగిపోతోంది' అని ప్రచారం. ఫలితాలు వచ్చాక కాంగ్రెస్‌కు 145, బీజేపీకి 138. ఆ ఓటమికి పొత్తుల లెక్కలు కూడా కారణమే, అది వేరే కథ. కానీ వెలుగు అన్న మాటే చీకట్లో ఉన్నవాడికి ఎక్కువ మండుతుంది.

అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది. కష్టం వచ్చింది, సరే. దానికి కారణం ఎవరు?

శ్రీలంక చూడండి. గోటబయ రాజపక్స 2019లో 52 శాతంతో గెలిచారు. 2020లో ఆయన పార్టీ కూటమికి 225 సీట్లలో 145. పన్నులు కోసేశారు, డాలర్లు అయిపోయాయి, రసాయన ఎరువులు రాత్రికి రాత్రి ఆపేశారు. 2022 జులైలో ఆయన దేశం వదిలి పారిపోయారు. ఆ సెప్టెంబరులో ద్రవ్యోల్బణం 70 శాతం దగ్గరికి పోయింది. ఆ మంటల్లో కుర్చీ ఎక్కిన వ్యక్తి రణిల్ విక్రమసింఘె. అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్)తో ఒప్పందం చేసుకున్నారు, క్యూలు పోయాయి, రెండేళ్లలో ద్రవ్యోల్బణం సున్నా దగ్గరికి వచ్చింది. లెక్క ప్రకారం జనం ఆయన్ని ఊరేగించాలి. 2024 సెప్టెంబరు ఎన్నికల్లో ఆయన మూడో స్థానం, 17 శాతం. గెలిచిన అనుర కుమార దిసనాయకెకు అంతకు ముందు ఎన్నికల్లో వచ్చినవి 3 శాతం. ఏరు దాటాక తెప్ప తగలేశారంటారా? నేను అంత తొందరగా అనను. ఒడ్డుకు చేర్చడానికి ఆయన వేసిన పన్నులు, పెంచిన కరెంటు చార్జీలు జనం మోశారు. పైగా ఆయనను పార్లమెంటులో గెలిపించింది ఆ పాత పార్టీ ఎంపీలే. జనం ఆ రెంటినీ ఒకే ఖాతాలో రాశారు.

ఐస్‌లాండ్‌లోనూ ఇంతే. 2008లో మూడు పెద్ద బ్యాంకులు కూలితే 2009లో పాత పార్టీని దించారు. కొత్తగా వచ్చిన వామపక్ష ప్రభుత్వం దేశాన్ని గట్టెక్కించింది. 2013లో దాన్ని ఓడించి, దించిన పాత పార్టీనే మళ్లీ తెచ్చుకున్నారు. గ్రీసులో పాసోక్ పార్టీ మీద పడిన పిడుగు ఇంకా పెద్దది: 2009లో 44 శాతం, 2012 మేలో 13, 2015 జనవరిలో 5 శాతం కూడా లేదు. బడ్జెట్ లోటును దాచిపెట్టిన లెక్కలు అంతకు ముందు ప్రభుత్వం నాటివి. బయటపెట్టింది, పొదుపు చర్యలు మొదలెట్టింది పాసోక్. నిప్పు అంటించిన వాడు ఎవరో కానీ, పొగ వచ్చినప్పుడు ఇంట్లో ఉన్నది వీళ్లు.

లాటిన్ అమెరికా మీద డానియేలా కాంపెల్లో, సీజర్ జూకో చేసిన పని చదివినప్పుడు నాకు నిజంగా దిగులేసింది. అక్కడి చాలా దేశాల్లో అధ్యక్షుడు మళ్లీ గెలుస్తాడా లేదా అన్నది రెండు విషయాలతో బాగానే ఊహించొచ్చట. ఒకటి, వాళ్లు ఎగుమతి చేసే ముడిసరుకుల ధర ప్రపంచ మార్కెట్లో ఎంత ఉంది. రెండు, అమెరికా వడ్డీ రేటు ఎంత ఉంది. రెండూ ఆ అధ్యక్షుడి చేతిలో లేవు! ఓటరు వర్షానికి కూడా మార్కులు వేస్తున్నాడన్నమాట.

ఇంకాస్త ముందుకు పోయి, సొరచేపలకు కూడా వేస్తాడన్నారు ఏకెన్, బార్టెల్స్ అనే ఇద్దరు పండితులు. 1916 జులైలో న్యూజెర్సీ తీరంలో సొరచేపల దాడిలో నలుగురు చనిపోయారు. ఆ నవంబరులో తీర ప్రాంతాల్లో అధ్యక్షుడు విల్సన్‌కు ఓట్లు తగ్గాయని వాళ్ల లెక్క. ఇది బాగా పేరు పొందింది, టీవీల్లో కూడా చెబుతుంటారు. అయితే ఫౌలర్, హాల్ అనే ఇద్దరు ఆ లెక్కను తిరగేసి, మిగతా దాడులనూ కలిపి చూసి, ఇది నిలవదన్నారు. నాకు వీళ్ల వాదనే సబబుగా అనిపిస్తుంది. ఓటరును అంత వెర్రివాడిని చేయడం పండితులకు సరదాగా ఉంటుంది, అందుకే ఆ కథ అంత తొందరగా పాకింది.

ఓటరు వెర్రివాడు కాదనడానికి ఎదురు సాక్ష్యాలు కూడా ఉన్నాయి. కష్టం పెట్టినా క్షమించిన సందర్భాలు. 2016 నవంబరు 8న భారతదేశంలో పెద్ద నోట్లు రద్దు చేశారు, చెలామణిలో ఉన్న డబ్బులో విలువ ప్రకారం 86 శాతం ఒక్క రాత్రిలో చెల్లకుండా పోయింది. క్యూలు, పనులు లేకపోవడం అన్నీ జరిగాయి. నాలుగు నెలల తర్వాత ఉత్తరప్రదేశ్‌లో బీజేపీకి 403లో 312 సీట్లు. ఆ విధానం మంచిదా చెడ్డదా అన్నది కాసేపు పక్కన పెట్టండి. జనం పడిన బాధకు ఒక కథ దొరికింది: ఇది నల్లధనం ఉన్నవాడికి పడిన దెబ్బ అని. బాధకు అర్థం దొరికితే మనిషి ఎంతైనా ఓర్చుకుంటాడు.

దీనికి తిరగేసిన కథ బ్రిటన్‌ది. 1992 సెప్టెంబరు 16న పడిపోతున్న పౌండు విలువను నిలబెట్టడానికి వడ్డీ రేటును 10 నుంచి 12కు పెంచి, అదే రోజు 15 చేస్తామని కూడా ప్రకటించి, సాయంత్రానికి చేతులెత్తేశారు. ఆ తర్వాత ఐదేళ్లు ఆర్థిక వ్యవస్థ చక్కగా పెరిగింది, నిరుద్యోగం తగ్గింది. 1997లో ప్రతిపక్షంలో ఉన్న లేబర్ పార్టీకి 418 సీట్లు. జాన్ మేజర్ ప్రభుత్వం మంచి ఆర్థిక వ్యవస్థను చేతికిచ్చి ఇంటికి వెళ్లింది. వీళ్లకు లెక్కలు రావు అన్న పేరు ఒక్కరోజులో వచ్చింది, ఐదేళ్ల వృద్ధి దాన్ని కడగలేకపోయింది.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ఓటరు ఆర్థిక పరిస్థితిని చూసి పార్టీని ఎంచుకుంటాడని ఇంతసేపూ చెప్పాను. పార్టీని చూసి ఆర్థిక పరిస్థితిని ఎంచుకునే వాళ్లూ బోలెడుమంది. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం నెల నెలా వినియోగదారుల సర్వే చేస్తుంది. 2016 నవంబరులో ట్రంప్ గెలిచారు. ఇంకా ప్రమాణం కూడా చేయలేదు, ఒక్క విధానం మారలేదు, ధరలు అవే, జీతాలు అవే. రిపబ్లికన్ల దృష్టిలో ఆర్థిక వ్యవస్థ ఒక్కసారిగా బాగుపడింది, డెమొక్రాట్ల దృష్టిలో పాడైపోయింది. 2020లో అటు ఇటు, 2024లో మళ్లీ ఇటు అటు. అద్దాలు మార్చుకున్నట్టు. అందువల్ల అక్కడ ఇప్పుడు ఆర్థిక పరిస్థితి కదిలించగలిగేది ఏ జెండా మోయని కొద్దిమందిని. గెలుపు ఓటములు ఒకటి రెండు శాతం మీద తేలే చోట ఆ కొద్దిమందే చాలనుకోండి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మేడమ్, మీరు చెప్పినట్టు చివరి ఏడాదే గుర్తుంటే, ఎన్నికల ముందు డబ్బు పంచిన వాళ్లందరూ గెలవాలి కదా?

గెలవరు, కానీ పనికి వస్తుంది. టర్కీ చూడండి. 2022 అక్టోబరులో అక్కడ అధికారిక ద్రవ్యోల్బణమే 85 శాతం. ఏడు నెలల తర్వాత ఎర్దోవాన్ రెండో రౌండులో 52 శాతంతో గెలిచారు. మధ్యలో కనీస వేతనం భారీగా పెంచారు, 20 లక్షల మందికి పైగా ముందే పింఛనుతో రిటైరయ్యే వీలు కల్పించారు, ఇళ్లకు ఒక నెల గ్యాస్ ఉచితం చేశారు. ఆయనకు ప్రచార సాధనాల మీద ఉన్న పట్టు, ప్రతిపక్షం తప్పులు కూడా కలిశాయి, డబ్బొక్కటే కాదు. తర్వాత ఆ బిల్లు కట్టాల్సి వచ్చింది. వడ్డీ రేటు ఎనిమిదిన్నర నుంచి 50కి పోయింది. 2024 మార్చి స్థానిక ఎన్నికల నాటికి పింఛనుదార్ల పింఛను ఎందుకూ చాలకుండా పోయింది. ప్రధాన ప్రతిపక్షం సీహెచ్‌పీ దేశవ్యాప్తంగా మొదటి స్థానంలో నిలిచింది, 1977 తర్వాత ఆ పార్టీకి అదే మొదటిసారి.

ప్రశ్న: ఆర్థిక సంక్షోభం వస్తే జనం హిట్లర్ లాంటి వాళ్ల వైపు పోతారంటారు. జర్మనీలో డబ్బు విలువ లేకుండా పోవడం వల్లే కదా అతను వచ్చింది?

చాలామంది అలాగే చెబుతారు, కానీ తేదీలు కలవవు. నోట్ల కట్టలు తోపుడు బండ్లలో తీసుకెళ్లిన కాలం 1923. ఐదేళ్ల తర్వాత 1928 ఎన్నికల్లో నాజీలకు వచ్చింది 2.6 శాతం. అతన్ని పైకి తెచ్చింది మహా మాంద్యం, నిరుద్యోగం, దాని మీద ప్రభుత్వం పెట్టిన పొదుపు కోతలు. 1930లో 18 శాతం, 60 లక్షల మందికి పని లేని 1932లో జులై నాటికి 37. ఇంకో సంగతి: పని పోయిన కార్మికులు ఎక్కువగా కమ్యూనిస్టుల వైపు వెళ్లారు. నాజీలకు వేసిన వాళ్లలో చిన్న వ్యాపారులు, చిన్న రైతులు, ఉన్నది పోతుందేమోనని వణికిపోతున్న వాళ్లు చాలామంది. పోగొట్టుకున్న వాడి కోపం కంటే పోతుందన్న భయం ప్రమాదకరం అని నేను అనుకుంటాను. బ్యాంకింగ్ సంక్షోభాల తర్వాత కుడి వైపు అతివాద పార్టీలకు ఓట్లు పెరుగుతాయని ఇరవై దేశాల నూట నలభై ఏళ్ల ఎన్నికలు చూసిన ముగ్గురు పరిశోధకులు చెప్పారు. మామూలు మాంద్యాల తర్వాత అంతగా కాదట.

ప్రశ్న: మొదట్లో మీరు బుష్ గురించి చెప్పారు కదా మేడమ్. ఆ చర్చ జరిగేటప్పటికి అమెరికా నిజంగా మాంద్యంలోనే ఉందా?

మంచి ప్రశ్న. ఆ ఏడాదంతా బుష్, దేశం కోలుకుంటోంది అని చెబుతూనే ఉన్నారు, జనం నవ్వారు. నవ్వరా మరి, 1992 జూన్‌లో నిరుద్యోగం 7.8 శాతం. వృద్ధి మొదలైనా ఉద్యోగాలు వెంటనే రావు, ఏడాదో ఏడాదిన్నరో వెనకబడి వస్తాయి. అమెరికాలో మాంద్యం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది అని అధికారికంగా తేల్చే ఆర్థికవేత్తల కమిటీ ఒకటుంది. వాళ్లు లెక్కలన్నీ చూసి, మాంద్యం 1991 మార్చిలోనే ముగిసిపోయిందని ప్రకటించారు. అంటే ఆయనకు 89 శాతం మార్కులు వచ్చిన ఆ నెలలోనే. ఆ ప్రకటన వచ్చింది 1992 డిసెంబరు 22న. అప్పటికి ఎన్నికలు అయిపోయి ఏడు వారాలు.